రెండు-రెండు గాజుల చేతికి ఆరు తీగల బేస్

గాజుల అంగట్లో గాజు ఎక్కకపోతే మనమేం చేస్తాం? ఇంకో సైజు తీయమంటాం. "నీ చెయ్యే సరిగ్గా లేదమ్మా" అని అంగడాయన అన్నాడంటే మళ్లీ ఆ గడప తొక్కం. జాకెట్ బిగుతైతే కుట్లు విప్పిస్తాం గానీ భుజాలు కోయించుకోం. చెప్పులైనా, కుక్కర్ పిడైనా, కత్తిపీటైనా మనకు సరిపోతుందా లేదా అనే చూస్తాం. ఒక్క సంగీత వాయిద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట తిరగబడుతుంది. "పాపకు చేతులు చిన్నవండీ, కష్టం" అంటారు.

ఈ నాలుగు నెలల్లో ఈ మాట నేను పదిమంది నోట విన్నాను. మా అమ్మాయి అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తుంది. ఏడాదిగా సీనియర్ ఒకమ్మాయి ఇచ్చిన నాలుగు తీగల బేస్ మీద నేర్చుకుంది. ఆ పిల్ల చదువైపోయి బెంగళూరు పోతూ తన బేస్ తను తీసుకుపోయింది. ఇప్పుడు మావాళ్లమ్మాయికి సొంతంగా ఒకటి కావాలి, అదీ ఆరు తీగలది. దాని చేతికి రెండు-రెండు గాజులే పడతాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ: చెయ్యి చిన్నదని ఆడపిల్లను ఆరు తీగల నుంచి నాలుగుకో, నాలుగు నుంచి ఉకులేలేకో దించాల్సిన పనిలేదు. నిజానికి ఒక విషయంలో చిన్న చేతికి ఆరు తీగలే సుఖం. దాన్ని కొనేటప్పుడు జాలి పక్కనపెట్టి టేపు పట్టుకోవాలి.

బేస్ అంటే ఏమిటో తెలియని అక్కయ్యలకు ఒక్క ముక్క. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి. పాడేవాళ్ల గొంతూ వయొలిన్లూ పక్కన పెడితే, అడుగున ఒక లావు గొంతు తన దారిన తాను నడుస్తూ ఉంటుంది. అదే బేస్. ఇళయరాజా పాటల్లో అది వట్టి తాళం కాదు, సొంత కథ చెప్పే పాత్ర. మామూలు బేస్‌కు నాలుగు తీగలు: ఇ, ఏ, డి, జి. ఆరు తీగలదానికి కింద ఇంకా లావు 'బి', పైన సన్నని 'సి' చేరతాయి. మనవాళ్లకు ఆరు తీగల బేస్ వింతగా ఉండొచ్చు గానీ, అమెరికాలో ఆంథొనీ జాక్సన్ అనే ఆయన నాలుగు చాలవని 1975లోనే పట్టుబట్టి చేయించుకున్నాడు.

మా ఇంట్లోనూ ఈ లెక్క అంత తేలిగ్గా జరగలేదు. మా అత్తమ్మ, "ఆడపిల్లకు అంత లావు గిటారు యాల? నాలుగు తీగలు సాలవా?" అనింది. మా ఆయన తీగల సంగతి ఎత్తకుండా "ఎంతవుతుంది?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. పాల డబ్బుల్లోంచి నేను నెలనెలా కట్టిన చీటీ ఉంది, చేతికొచ్చేది 40 వేలు. ముదిగుబ్బలో 40 వేలంటే బోరు మోటారు కాలిపోయిన రోజు ఆదుకునే డబ్బు. వాన వెనకపడిన ఏడు శెనక్కాయ విత్తనాలకు ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా కాపాడే డబ్బు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ మనది. అది కూడా పడాల్సిన నెలలో పడదు. అలాంటి డబ్బు పెట్టి కొన్నది నాలుగు వారాలకే గోడకు వేలాడితే, రేపు ఇంకో ఆడపిల్ల ఏదన్నా అడిగినప్పుడు దాన్నే చూపిస్తారు. "ఆ గిటారు ఏమయిందో చూశాం కదా" అని. నా భయం 40 వేల గురించి కాదు, ఆ మాట గురించే. అందుకే ఇంత కూర్చుని లెక్కలేశాను.

ముందు పొడవు సంగతి. గిటార్ తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా స్వేచ్ఛగా మోగే పొడవును స్కేలు అంటారు. బేస్‌లలో ఎక్కువగా కనపడే స్కేలు 34 అంగుళాలు. మనకు 34 అంటే జాకెట్ సైజు, అందుకే నాకు ఆ అంకె చప్పున గుర్తుండిపోయింది. 1951లో లియో ఫెండర్ తన మొదటి ఎలక్ట్రిక్ బేస్‌కు ఆ కొలత పెట్టాడు, తర్వాతివాళ్లు చాలామంది అదే పట్టుకున్నారు. అది మనిషి పెట్టిన కొలత. మూర మల్లెపూలు కొనేటప్పుడు పూలమ్మి చెయ్యి పొడవెంతో ఓరకంట చూసే మనం, ఈ 34 ఎవరి చేతిదని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా టేపు పెడితే, 34 అంగుళాల దాని మీద దాదాపు 13 సెంటీమీటర్లు వస్తుంది. 32 అంగుళాల దాని మీద 12 పైచిలుకు. 30 అంగుళాల పొట్టి స్కేలు మీద పదకొండున్నరకు కాస్త లోపు. ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు పెట్టమని నేర్పే పద్ధతిలో చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్య అంత దూరం తెరుచుకోవాలి. మా అమ్మాయికి నొప్పి లేకుండా తెరుచుకునేది 11. మీ ఇంట్లోనూ కొలిచి చూడండి: ఎడమచెయ్యి బల్ల మీద వదులుగా పరిచి, బలవంతంగా సాగదీయకుండా. గాజు సైజు ఇక్కడ పనికిరాదు. అది పిడికిలి ముడుచుకునే వెడల్పు చెబుతుంది గానీ వేళ్లు విచ్చుకునే దూరం చెప్పదు. రెండు-ఆరు గాజులు వేసుకునే మా చెల్లెలికి కూడా 12 దాటలేదు.

ఇక్కడే చాలామంది "చూశారా, 13 ఎక్కడ, 11 ఎక్కడ" అని లేచిపోతారు. వాళ్లు కొంచెం ఆగితే రెండు సంగతులున్నాయి.

ఒకటి, వేళ్లు పెట్టే పద్ధతి ఒక్కటే కాదు. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ వాళ్లు ఎప్పటినుంచో చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు వాడతారు. ఉంగరపువేలు చిటికెనవేలికి తోడు నిలబడుతుంది. అలా అయితే ఒకసారికి మూడు ఫ్రెట్లే పట్టుకోవాలి. 34 అంగుళాల బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి మూడో ఫ్రెట్‌కు దూరం 9 సెంటీమీటర్లకు కొంచెం తక్కువే. నాలుగో స్వరం కావాలంటే చెయ్యి జరుపుకోవాలి, అంతే. దోసె పెనం మీద చెయ్యి సాగదీసి అక్కడే కాల్చుకుంటామా, ఒక అడుగు జరుగుతాం కదా.

రెండోది మా అమ్మాయి చెప్పగా నేను టేపు పెట్టి చూసి ఒప్పుకున్నది. ఫ్రెట్లు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఐదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ దాకా 34 అంగుళాల మీద కూడా 10 సెంటీమీటర్ల చిల్లరే. నాలుగు తీగల బేస్ మీద అన్నిటికన్నా కింది స్వరం 'ఇ' కావాలంటే మొదటి ఫ్రెట్ల దగ్గర, అంటే వెడల్పాటి చోటే ఉండాలి. ఆరు తీగలదానికి కింద ఇంకో 'బి' తీగ ఉంది కదా, దాని ఐదో ఫ్రెట్ మీద నొక్కితే వచ్చేది అదే 'ఇ'. అంటే నాలుగు తీగల మీద మొదటి ఫ్రెట్ల దగ్గర చేసే పనంతా ఆరు తీగల మీద ఐదో ఫ్రెట్ దగ్గర కూర్చుని చేసుకోవచ్చు, వేళ్లు 10 సెంటీమీటర్లే తెరిచి. పొట్టి స్కేలు బేస్ మొదటి ఫ్రెట్ల కంటే కూడా ఇది తక్కువ. "చిన్న చేతికి నాలుగు తీగలే" అనేవాళ్లు ఈ లెక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

అయితే ఊరికే రాదు. పొడవులో మిగిలింది వెడల్పులో కట్టాలి. నాలుగు తీగల సన్న మెడ పైకొస దగ్గర 4 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటే, ఆరు తీగలది ఐదున్నర దాకా ఉంటుంది. బొటనవేలు మెడ పైనుంచి తొంగిచూసేలా పట్టుకునే అలవాటు ఇక్కడ చెల్లదు. మెడ వెనక నడుమ ఆనించాలి, మణికట్టు మరీ వంగకూడదు. అందుకే బెల్టు పొట్టిగా పెట్టి బేస్‌ను రొమ్ము కిందికి ఎత్తి కట్టుకోవాలి. తొడల దాకా వేలాడేసుకుని వాయించే సినిమా ఫ్యాషన్ మన పిల్లలకు వద్దు. వేలు నొప్పి మామూలే, నాలుగు రోజుల్లో కాయ కాస్తుంది. మణికట్టులో నొప్పి, వేళ్ల కొసల్లో తిమ్మిరి మాత్రం మామూలు కాదు. ఆపి డాక్టరుకు చూపించాలి. రోటి పచ్చడి నూరి, బట్టలు పిండి నొప్పిని పళ్లబిగువున భరించడం మనకు అలవాటైపోయింది, ఆ అలవాటు పిల్లలకు అంటించకండి.

కొనే దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్‌లో ఆరు తీగల బేస్ అని వెతికితే రెండు వేరే జాతులు ఒకే పేరుతో వస్తాయి. ఒకటి 'బేస్ సిక్స్' అనే రకం. 1961లో ఫెండర్ వాళ్లు తెచ్చారు, ఇప్పుడు వాళ్ల చవక బ్రాండు స్క్వయర్‌లోనూ ఉంది. స్కేలు 30 అంగుళాలు, మెడ సన్నం, చిన్న చేతికి హాయి. ఐబనేజ్ వాళ్ల ఎస్ఆర్‌సీ6 కూడా ఇదే దారిలోది. కానీ వీటి శ్రుతి గిటార్ శ్రుతే, ఒక స్థాయి కింద. తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎక్కువగా ప్లెక్ట్రమ్‌తో మీటేవాళ్లకు. గిటార్ వచ్చిన పిల్లకు మంచి కొనుగోలు. బేస్ నేర్చుకుని, కింది 'బి' తీగ కోసం, వేళ్లతో మీటడం కోసం అడిగే పిల్లకు ఇది తెచ్చిపెడితే పట్టుచీర అడిగిన దానికి పట్టు లంగా తెచ్చినట్టు. రెండూ పట్టే, కానీ ఆమె అడిగింది అది కాదు.

నిజమైన 'బి' నుంచి 'సి' దాకా ఉండే బేస్‌ను పొట్టి స్కేలులో వెతకొచ్చు గానీ, చవకలో నేను సిఫారసు చేయను. తీగ పొడవు 34 నుంచి 30కి తగ్గితే అదే తీగ, అదే స్వరానికి బిగువు ఐదో వంతుకు పైగా పడిపోతుంది. మిగతా తీగలకు అది మేలే, వేలికి మెత్తగా ఉంటుంది. లావు 'బి' మాత్రం నులక వదులైన మంచంలా అవుతుంది. దానికి తగ్గ తీగలు వెతికి వేయించుకోవడం మన ఊళ్ల నుంచి అయ్యే పని కాదు.

కాబట్టి మా లెక్కలో మిగిలింది 34 అంగుళాల మామూలు ఆరు తీగలదే, మెడ పలచగా ఉన్నది. ఐబనేజ్ వాళ్ల చవక వరుసలో జీఎస్ఆర్ 206 అలాంటిది. ఆ కంపెనీ మెడలు పలచనని పేరు. ఇలాంటి ఆరు తీగల వాటిలో తీగకూ తీగకూ మధ్య ఎడం నాలుగు తీగల వాటికన్నా తక్కువ పెడతారు, చిన్న వేళ్లకు అదీ లాభమే. పేరు చూసి మాత్రం డబ్బు కట్టకండి. పిల్లను తీసుకుపోండి. బెల్టు వేసుకుని నిలబడి ఎడమచెయ్యి వదిలేయమనండి. మెడ దానంతట అది నేలకు వాలిపోతుంటే ఆ బేస్ వద్దు. ఆరు మరలున్న తల బరువు మోయడానికే చెయ్యి సరిపోతే ఇక వాయించేదేం ఉంటుంది? బరువు కూడా చూడండి. నాలుగు కిలోలు దాటితే రెండు గంటలు భుజం మీద ఎలా ఉంటుందో బిందె మోసినవాళ్లకు నేను చెప్పాలా? బెల్టు మూడంగుళాల వెడల్పుది తీసుకోండి. తర్వాత తీగలు మెడ మీద ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, అంగట్లోనే కిందికి దించి సెట్టింగ్ చేసివ్వమనండి, కాస్త సన్న తీగల సెట్టు వేయమనండి. దీనికయ్యే డబ్బు దండగ కాదు. చవక బేస్‌ను చిన్న చేతికి సరిపడా చేసేది ఆ అరపూట పనే.

బెంగళూరులో ఒక పెద్ద అంగట్లో ఏం జరిగిందో చెబుతాను. ఆరు తీగలది చూపించమని మా అమ్మాయి అడిగింది. ఆ అబ్బాయి దాని చేతి వంక చూసి, లోపలికి పోయి, గులాబీ రంగు పొట్టి నాలుగు తీగలది తెచ్చి "లేడీస్‌కి ఇది బాగుంటుంది మేడమ్" అన్నాడు. అది వాయించి చూడకముందే. పక్కన ఒక మగపిల్లాడు, వాడి చేతులు మా పిల్లకన్నా పెద్దవేం కావు, ఐదు తీగలది దించుకుని చూస్తున్నాడు. వాడి చెయ్యి ఎవరూ చూడలేదు. నేను బ్యాగులోంచి కుట్టు టేపు తీశాను. ఐదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ దాకా కొలిచి, దాని చెయ్యి పక్కన పెట్టి చూపించాను. అప్పుడు నిచ్చెన వేసి ఆరు తీగలది దించాడు. నవ్వుతూనే దించాడులెండి, మర్యాదస్తుడే. అందుకే చెబుతున్నాను, ఇలాంటివి చెడ్డవాళ్లు చేసే పనులు కావు.

వాయిద్యాన్ని మనిషికి తగ్గట్టు మార్చుకోవడం కొత్తేం కాదు. పిల్లలకు పావు సైజు, అర సైజు, ముప్పావు సైజు వయొలిన్లు ఎప్పటినుంచో ఉన్నాయి, ఎవరూ నవ్వరు. జోసెఫ్ హాఫ్‌మన్ అనే పెద్ద పియానో విద్వాంసుడికి చేతులు చిన్నవని స్టైన్‌వే కంపెనీ మెట్లు కాస్త సన్నగా చేసిచ్చింది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ను తీసుకోండి. నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండే వాయిద్యం కర్ణాటక గమకాలకు లొంగదంటే, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. అది చేతి సైజు కోసం కాదు, రాగం కోసం. అయినా తేడా ఏముంది? నాలుగుకు ఒకటి చేర్చుకోవాలనిపించింది, చేర్చుకున్నాడు. బేస్‌లో అయితే మోహినీ డే ఉంది. బేస్ వాయించే తండ్రి దగ్గరే చిన్నప్పుడు మొదలుపెట్టి, రెహమాన్ కచేరీల్లో, జాకిర్ హుస్సేన్ పక్కన వాయించింది. ఆమెది ఎక్కువగా ఐదు తీగలది. మా అమ్మాయి ఫోను నిండా ఆమె వీడియోలే. మా అత్తమ్మ ఒకటి చూసి "ఈ పిల్ల ఏళ్లు కూడా సన్నంగానే ఉండాయే" అనింది. నేను మాట్లాడకుండా కాఫీ తెచ్చిచ్చాను.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. వేసవిలో గాలి ఎండిపోతే గిటార్ మెడ చెక్క కూడా కొంచెం కుంచించుకుంటుంది, లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు. అప్పుడు ఫ్రెట్ల కొసలు అంచున బయటికి పొడుచుకొచ్చి, జరుపుతున్న వేలికి గీసుకుంటాయి. రేకుల కింద, ఎండలో నిలబెట్టిన కారులో పెట్టకండి. పెట్టెలోనే, ఇంట్లో చల్లటి గోడ పక్కన ఉంచండి. రెండోచేతి బేస్ కొంటే ఆ కొసల మీద వేలు పెట్టి నిమిరి చూడండి. రెండోచేతిది కొనడం తప్పేం కాదు, బెంగళూరులో చదువులైపోయిన పిల్లలు అమ్ముతుంటారు. మెడ వంగిందా లేదా అన్నది మాత్రం వాయించే మనిషిని వెంటపెట్టుకుపోయి చూపించుకోవాలి.

మొత్తం డబ్బు బేస్‌కే పెట్టేయకండి. చిన్న ఆంప్లిఫయర్, వైరు, బెల్టు, పెట్టె, ఇంకో సెట్టు తీగలు. మా 40 వేలలో ఎనిమిది వేలు వీటికని ముందే పక్కన కట్టేశాను. ఆరు తీగల సెట్టు నాలుగు తీగల సెట్టుకన్నా ఖరీదు, అంగట్లో అంత తొందరగా దొరకదు కూడా.

"ఉద్యోగం వచ్చాక అదే కొనుక్కుంటుంది కదా" అని మా ఆడపడుచు అడిగింది. కొనుక్కుంటుంది, నిజమే. కానీ ఉద్యోగం వచ్చాక పెళ్లంటారు, పెళ్లయ్యాక పిల్లలంటారు. అప్పుడు 40 వేలు ఉంటాయి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది ఉండదు. ఇప్పుడు ఉంది. ఆమెకు ఇదే చెప్పాను. ఆమె పెళ్లికి ముందు ఎంబ్రాయిడరీ చేసేది, ఫ్రేము ఇప్పటికీ అటక మీద ఉంది. ఇంకేం అనలేదు.

వచ్చే నెల చీటీ డబ్బు వస్తుంది. ఆ అంగట్లో దించిన ఆరు తీగలదాన్నే అడిగిపెట్టాము, సన్న తీగలు వేసి సెట్ చేసివ్వమని కూడా చెప్పాము. ఈలోగా ముందరి గదిలో ప్లగ్గుకు ఎర్తింగ్ వేయించాలి. బేస్ తీగలకు ఆంప్లిఫయర్ దారిన ఎర్త్ కలిసి ఉంటుంది, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే తీగ ముట్టుకున్న చెయ్యి ఝుమ్మంటుంది, ఇంకా పెద్ద ప్రమాదమూ జరగొచ్చు. కరెంటు పని చేసే అబ్బాయికి రెండుసార్లు ఫోన్ చేశాను. రేపొస్తా అక్కా అంటున్నాడు.